ఆల్కలైన్ వాటర్ వంటింట్లో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పాడుచేస్తుంది

ఇంట్లోకి ఆల్కలైన్ వాటర్, అంటే క్షార గుణం ఉన్న నీళ్లు, వచ్చిందంటే, మెషిన్‌లోంచి అయినా బాటిల్‌లోంచి అయినా సరే, చాలామంది చేసే పని ఒకటే, అన్నిట్లోకీ అవే నీళ్లు పోసేయడం. టీకి అవే, అన్నానికి అవే, నిమ్మరసానికి అవే, బ్రెడ్ పిండి కలపడానికీ అవే. తేడా అక్కడే కొడుతుంది. ఈ నీళ్లు కొన్నిటికి నిజంగా బాగా పనికొస్తాయి, కొన్నిటి రుచీ రంగూ రెండూ పోగొడతాయి, ఇంకొన్నిట్లో పోసినా పోయకపోయినా ఒకటే. ఏది ఏ లెక్కలోకి వస్తుందో తెలుసుకుంటే ఖర్చుపెట్టి తెచ్చుకున్న నీళ్లు వృథా కావు, వంట కూడా చెడదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పీహెచ్ అంటే తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. 1909లో సోరెన్సన్ అనే డెన్మార్క్ కెమిస్ట్ కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో ఎంజైముల మీద పనిచేస్తూ పెట్టిన కొలత ఇది, ఒక ద్రవం ఎంత పులుపో ఎంత క్షారమో చెప్తుంది. 7 అంటే న్యూట్రల్, దానికంటే తగ్గితే పులుపు వైపు, పెరిగితే క్షారం వైపు. ఒక్కో అంకెకీ పది రెట్లు తేడా ఉంటుంది కాబట్టి 7కీ 9కీ మధ్య తేడా వంద రెట్లు. మామూలుగా తాగే నీళ్లు 6.5 నుంచి 8.5 మధ్యలో ఉంటాయి, ఆల్కలైన్ అని అమ్మేవి ఎక్కువగా 8 నుంచి 9.5 దాకా ఉంటాయి.

ముందు మీ నీళ్లు ఏ రకమో చూసుకోండి

వంట విషయంలో పీహెచ్ కంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది ఇంకోటి ఉంది, ఆల్కలినిటీ. పీహెచ్ అంటే ఇప్పుడు ఈ నీళ్లు ఎంత క్షారంగా ఉన్నాయనేది, ఆల్కలినిటీ అంటే దాంట్లో పులుపు పడితే ఎంతవరకు తట్టుకుంటాయనేది. రెండు గ్లాసుల్లోనూ పీహెచ్ 9 చూపించొచ్చు, కానీ ఒకదాంట్లో రెండు చుక్కల నిమ్మరసం పడగానే అంతా పోతుంది, ఇంకోటి కాస్త నిలబడుతుంది. ఎందుకంటే రెండో దాంట్లో బైకార్బొనేట్ ఎక్కువుంది, పులుపుని మింగేసే పదార్థం అది, తినే సోడాలో ఉండేదీ అదే. ఈ ఒక్క సంగతి అర్థమైతే కింద నేను చెప్పేవన్నీ మీ అంతట మీకే తెలిసిపోతాయి.

ఇక రకాలు. ఐయొనైజర్ మెషిన్ అయితే ప్లాటినం పూత ఉన్న టైటానియం ప్లేట్ల మధ్య కరెంటు పంపించి నీళ్లని రెండు పాయలుగా విడగొడుతుంది, ఒకవైపు క్షారం నీళ్లు, ఇంకోవైపు ఆమ్లం నీళ్లు వస్తాయి. మీ కుళాయి నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ భాగం క్షారం వైపుకే వెళ్లిపోతాయి, ఇది గుర్తుపెట్టుకోండి, పప్పుల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది. ఫిల్టర్ రకం అయితే ఆర్వో తర్వాత ఒక చిన్న గొట్టంలో కాల్షియం మెగ్నీషియం గుళికలు ఉంటాయి, నీళ్లు వాటి మీదుగా వస్తూ కొంచెం కొంచెం కరిగించుకుని వస్తాయి. ఆ గుళికలు పాతబడే కొద్దీ పీహెచ్ తగ్గిపోతుంది, చాలామంది ఏళ్ల తరబడి మార్చకుండా ఇంకా ఆల్కలైన్ తాగుతున్నాం అనుకుంటారు. బాటిల్ నీళ్లయితే లేబుల్ మీద బైకార్బొనేట్, సోడియం, కాల్షియం ఎంతెంత ఉన్నాయో రాసి ఉంటుంది, పెద్ద అక్షరాల్లో వేసిన పీహెచ్ అంకె కంటే ఆ చిన్న అక్షరాలే మీకు పనికొచ్చేవి.

మెషిన్ లేదు, బాటిల్స్ కొనే ఉద్దేశం లేదు, వంటకి మాత్రమే కావాలి అంటే బేకింగ్ సోడా సరిపోతుంది. లీటరు నీళ్లకి టీస్పూనులో ఎనిమిదో వంతు, అంటే 0.6 గ్రాములు దాకా వేసి కలిపితే పీహెచ్ 8.3 దగ్గర్లో ఉంటుంది. ఇంకా ఎక్కువ వేస్తే పీహెచ్ పెద్దగా పెరగదు, ఉప్పదనం సబ్బు రుచి మాత్రం పెరుగుతాయి. బేకింగ్ పౌడర్ కాదు, బట్టలకి వాడే సోడా అసలే కాదు, తినే సోడా మాత్రమే. ఆ 0.6 గ్రాముల్లో సోడియం 160 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పెద్దవాళ్లకి రోజు మొత్తానికి సోడియం 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, కాబట్టి ఇది రోజంతా తాగే నీళ్లుగా పెట్టుకోకండి. వంటకి, నానబెట్టడానికి వాడుకోండి చాలు.

ఇంకో మాట, నీళ్లలో నిమ్మ ముక్కలు రాత్రంతా వేసి ఉంచితే ఆల్కలైన్ వాటర్ తయారవుతుందని నెట్‌లో చాలా చోట్ల తిరుగుతోంది. అవ్వదు. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 ఉంటుంది, అది పడ్డ నీళ్లు పుల్లనైన నీళ్లే అవుతాయి. రుచికి తాగండి, తప్పేం లేదు, కానీ దాన్ని ఆల్కలైన్ అనుకోకండి.

టెస్ట్ చేసుకోవడం సులువే. పీహెచ్ స్ట్రిప్స్ గానీ చుక్కల కిట్ గానీ తెచ్చుకోండి, మీటర్ కొంటే దాన్ని 4, 7, 10 బఫర్ ద్రావణాలతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, అప్పుడప్పుడు సరిచేసుకోవాలి, లేకపోతే అది చూపించే అంకెని నమ్మలేం. టీడీఎస్ మీటర్ పీహెచ్ చూపించదు, అది కరిగి ఉన్న లవణాల లెక్క మాత్రమే చెప్తుంది, ఈ రెండూ కలిపేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏమీ కొనకుండా చూడాలంటే ఊదా రంగు క్యాబేజీ నాలుగు ఆకులు తరిగి వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి వడకట్టండి, ముదురు వంకాయ రంగు నీళ్లు వస్తాయి. మీ ఆల్కలైన్ నీళ్లు సగం గ్లాసు తీసుకుని అందులో ఆ రంగు నీళ్లు ఒక స్పూను వేస్తే నీలంగా, గట్టి క్షారం అయితే నీలం ఆకుపచ్చగా మారుతుంది. అదే గ్లాసులో ఇప్పుడు నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ చూడండి, నీలం పోయి ఊదా, ఆ తర్వాత గులాబీ రంగు వస్తుంది. ఎన్ని చుక్కలకి మారిందో చూస్తే మీ నీళ్లకి తట్టుకునే శక్తి ఎంతో తెలిసిపోతుంది, ఆల్కలినిటీ అంటే ఇదే. ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో చేయించండి, ఒక్కసారి చూస్తే జీవితాంతం గుర్తుంటుంది.

తాగే వాటిల్లో

ఆరోగ్యం గురించి సూటిగా చెప్తా. మన రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యలోనే ఉంటుంది, ఊపిరితిత్తులు కిడ్నీలు కలిసి దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి, మనం తాగే నీళ్లు దాన్ని కదిలించలేవు. పొట్టలోకి వెళ్లగానే పీహెచ్ 1.5 నుంచి 3.5 ఉండే ఆమ్లం ఎదురవుతుంది. కాబట్టి ఒంట్లో ఉన్న యాసిడ్ అంతా పోతుంది, పెద్ద జబ్బులు తగ్గుతాయి అనే మాటలు నమ్మి మందులు మానేయకండి, దయచేసి. 2012లో ఒక ల్యాబ్ పరిశోధనలో పీహెచ్ 8.8 ఉన్న నీళ్లు పెప్సిన్ అనే జీర్ణ ఎంజైముని పనిచేయకుండా ఆపాయని తేలింది, గొంతులోకి యాసిడ్ ఎగదన్నే వాళ్లకి ఉపయోగపడొచ్చని అన్నారు, కానీ అది ల్యాబ్‌లో చూసింది, మనుషుల పొట్టలో కాదు. నీళ్ల రుచి నచ్చి రోజుకి ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగుతున్నారంటే అది మాత్రం ఖచ్చితంగా మంచిదే.

ఉత్త నీళ్లుగా తాగేటప్పుడు 8 నుంచి 9.5 లోపు చూసుకోండి. ఐయొనైజర్‌లో 10 దాటే సెట్టింగులు ఉంటాయి, అవి కడగడానికి, తాగడానికి కాదు. ఇంకోటి, క్షారంగా ఉన్నంత మాత్రాన నీళ్లలో క్రిములు చావవు, మీ కుళాయి నీళ్లు శుభ్రమైనవి కాకపోతే ముందు ఆ సంగతి చూసుకోవాలి, పీహెచ్ తర్వాత.

ఈ నీళ్లు బాగా కుదిరేది పులుపు లేని వాటికే. కీర దోసకాయ పల్చగా చక్రాల్లా తరిగి, పది పుదీనా ఆకులు చేత్తో ఒకసారి నలిపి, లీటరు చల్లటి ఆల్కలైన్ నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు పెట్టండి. కీరకి సొంత పులుపు పెద్దగా లేదు కాబట్టి నీళ్లలోని ఆ మెత్తటి రుచి అలాగే నిలబడుతుంది, పుదీనా వాసన ముందుకొస్తుంది. పుచ్చకాయ ముక్కలు, బాగా పండిన అరటిపండు, ఖర్జూరం, నానబెట్టిన బాదం, ఇవన్నీ ఈ నీళ్లతో హాయిగా గ్రైండ్ చేసుకోవచ్చు. బాదం పాలు చేసుకునేవాళ్లకి ఇంకో లాభం ఏంటంటే వేడి టీలోనో కాఫీలోనో పోసినప్పుడు విరిగిపోవడం కొంచెం తగ్గుతుంది, పులుపే కదా దాన్ని విరగ్గొట్టేది, నీళ్లలో బైకార్బొనేట్ ఉంటే ఆ పులుపుని కొంత మింగేస్తుంది. అల్లం నీళ్లు కూడా బావుంటాయి, బొటనవేలంత అల్లం దంచి రెండు గ్లాసుల నీళ్లలో ఐదు నిమిషాలు సన్నటి మంట మీద ఉంచి వడకట్టుకోండి.

నిమ్మరసం సంగతి విడిగా చెప్పాలి ఎందుకంటే అందరూ అడిగేది ఇదే. గ్లాసుడు పీహెచ్ 9 నీళ్లలో ఒక స్పూను నిమ్మరసం పిండితే ఆ గ్లాసు పీహెచ్ 3 దగ్గరికి దిగిపోతుంది. అంటే మీరు ఆల్కలైన్ వాటర్ పోసి చేసుకున్నా మామూలు నీళ్లు పోసి చేసుకున్నా చివరికి తాగేది ఒకటే. నిమ్మకాయ ఒంట్లోకి వెళ్లాక క్షారం అవుతుంది అంటారు, జీర్ణమయ్యాక మిగిలే పదార్థాల లెక్కలో ఆ మాట వచ్చింది గానీ రక్తం పీహెచ్ మాత్రం దానితోనూ మారదు. నారింజ, పైనాపిల్, దానిమ్మ, వెనిగర్ కలిపే డ్రింకులు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది, వీటికి మామూలు నీళ్లే వాడండి. అయితే పులుపు డ్రింక్ తాగాక ఆల్కలైన్ నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించడం మంచి అలవాటు, పీహెచ్ 5.5 కంటే తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది కాబట్టి ఆ పులుపుని వెంటనే కడిగేసినట్టు అవుతుంది. బ్రష్ మాత్రం అరగంట ఆగి చేసుకోండి.

బెర్రీలు, నేరేడు, నల్ల ద్రాక్ష లాంటి ముదురు రంగు పళ్లతో స్మూతీ చేసేటప్పుడు తినే సోడా కలిపిన నీళ్లు గానీ బైకార్బొనేట్ ఎక్కువున్న బాటిల్ నీళ్లు గానీ పోస్తే రంగు మాడిపోయి బూడిద నీలంలోకి వెళ్తుంది. ఆ పళ్లలో ఉండే రంగు, ఇందాక చెప్పిన క్యాబేజీ రంగు ఒకే జాతివి. తినడానికి ఏం కాదు, కానీ చూస్తే తాగబుద్ధి కాదు. మందార టీ కూడా అంతే, ఎర్రగా మెరవాల్సింది మసక ఊదాగా అవుతుంది. శంఖుపుష్పం టీకి మాత్రం ఈ నీళ్లు బాగా నప్పుతాయి, నీలం నిలబడుతుంది, తాగేముందు కళ్లముందే నిమ్మరసం పిండితే ఊదా రంగులోకి తిరుగుతుంది.

టీ, కాఫీ

నా ఉద్దేశంలో ఆల్కలైన్ వాటర్ ఎక్కువగా చెడగొట్టేది ఈ రెండిటినే. బ్లాక్ టీని గాజు గ్లాసులో పెట్టి చూడండి. మామూలు మెత్తటి నీళ్లతో, అంటే కాల్షియం, మెగ్నీషియం తక్కువున్న నీళ్లతో, పెట్టిన టీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఎర్రటి రాగి రంగులో అవతల ఏముందో కనపడేలా ఉంటుంది. బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లతో పెట్టింది అదే ఆకు, అదే టైము అయినా గోధుమ నలుపులో మసకగా ఉంటుంది, కొంచెంసేపు కదపకుండా ఉంచితే పైన సన్నటి పొరలాంటిది కడుతుంది, స్పూనుతో కదిపితే ముక్కలుగా విడిపోయి గ్లాసు అంచుకి అంటుకుంటుంది. నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ టీలో వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి చేసే పని అది. రుచిలో కూడా ఆ చురుకుదనం ఉండదు, చప్పగా అయిపోతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పొరా పోతుంది, రంగూ తేలుతుంది.

గ్రీన్ టీ విషయం ఇంకా బాధ. మనం అది తాగేదే అందులో మేలు చేసే క్యాటెచిన్స్ అనే పదార్థాల కోసం, అవి క్షారంలో నిలబడవు, తొందరగా పాడైపోతాయి, టీ పసుపు గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆరోగ్యం కోసం ఆల్కలైన్ వాటర్, ఆరోగ్యం కోసం గ్రీన్ టీ అని రెండూ కలిపితే ఒకదాన్ని ఇంకోటి తినేసినట్టే. గ్రీన్ టీకి మామూలు ఫిల్టర్ నీళ్లు, 70 నుంచి 80 డిగ్రీల వేడి, రెండు మూడు నిమిషాలు, అంతే.

కాఫీలో ఉండే పళ్ల పులుపు లాంటి రుచులన్నీ ఆమ్లాల వల్లే వస్తాయి, బైకార్బొనేట్ వాటిని నొక్కేస్తుంది. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ వాళ్లు కాఫీకి చెప్పే నీళ్ల లెక్క పీహెచ్ 7 దగ్గర, ఆల్కలినిటీ లీటరుకి 40 మిల్లీగ్రాముల దగ్గర. ఖరీదైన లైట్ రోస్ట్ గింజలు తెచ్చుకుని 9.5 నీళ్లతో పెట్టుకుంటే ఆ డబ్బంతా పోయినట్టే. అయితే కాఫీ తాగితే పులుపు తగిలి గుండెల్లో మంట అనిపించేవాళ్లు, ముదురు రోస్ట్‌తో పాల కాఫీ తాగేవాళ్లు ఆల్కలైన్ నీళ్లు సగం, మామూలు నీళ్లు సగం కలిపి చూసుకోవచ్చు, రుచి కొంచెం మెత్తబడుతుంది.

గింజలు నానబెట్టడం, ఉడికించడం

ఈ నీళ్లు నిజంగా పనికొచ్చే చోటు ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తా. శనగలు, రాజ్మా, ఎండు బఠాణీ, సోయా లాంటివి ఉడకాలంటే వాటి కణాల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ కరగాలి. క్షారంలో పెక్టిన్ తొందరగా విడిపోతుంది, పులుపులో గట్టిగా ఉండిపోతుంది, టమాటా ముందే వేసేస్తే గింజలు ఎంతకీ ఉడకకపోవడానికి కారణం అదే. కాకపోతే ఇక్కడో మెలిక ఉంది. కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ని పట్టుకుని ఇంకా గట్టిపరుస్తాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఐయొనైజర్ నీళ్లలో, మినరల్ ఫిల్టర్ నీళ్లలో ఉండేవి అవే. అంటే ఒకపక్క పీహెచ్ మెత్తబరుస్తుంటే ఇంకోపక్క కాల్షియం అడ్డం పడుతుంది, మీ ఊరి నీళ్లు గట్టి నీళ్లయితే, అంటే ఇవి రెండూ ఎక్కువున్నవైతే, మెషిన్‌లోంచి 9.5 వచ్చినా గింజలు అనుకున్నంత మెత్తబడవు. అప్పుడు మెషిన్ నీళ్లు పక్కనపెట్టి, ఆర్వో లాంటి మెత్తటి నీళ్లలో చిటికెడు తినే సోడా వేసి వాడితే దానికంటే బాగా ఉడుకుతాయి. సోడాలో ఉన్న సోడియం ఆ కాల్షియాన్ని తప్పించి తను కూర్చుంటుంది, పీహెచ్ కూడా పెరుగుతుంది, రెండు విధాలా లాభం.

ఎలా చేయాలంటే, ఒక కప్పు శనగలు కడిగి, లీటరు నీళ్లలో పావు టీస్పూను తినే సోడా వేసి కరిగించి, అందులో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టండి. పొద్దున చూస్తే నీళ్లు పసుపు రంగుకి తిరిగి పైన కొంచెం నురుగు ఉంటుంది, గింజ రెండింతలు ఉబ్బి ఉంటుంది, రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దితే తొక్క జారి ఊడొస్తుంది. ఉత్త నీళ్లలో నానింది అంత తేలిగ్గా తొక్క వదలదు. ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు బాగా కడిగి, ఉడకబెట్టడానికి మామూలు నీళ్లే పోయండి. మెత్తగా పేస్ట్ చేసుకునే వాటికైతే ఉడికేటప్పుడు కూడా చిటికెడు సోడా వేయొచ్చు, సలాడ్‌లో గింజ గింజగా ఉండాలంటే మాత్రం వేయొద్దు, చితికిపోతాయి. నానబెట్టే నీళ్లలో సోడాతో పాటు ఒక స్పూను ఉప్పు వేసినా మంచిదే, ఉప్పు వేస్తే గింజలు గట్టిపడతాయనేది అపోహ, గట్టిపరిచేది పులుపూ కాల్షియమూ. సోడా మోతాదు మించితే సబ్బు వాసన వస్తుంది, దాంతోపాటు బి1 విటమిన్ కూడా ఎక్కువ పోతుంది, క్షారంలో అది నిలబడదు.

రాజ్మా దగ్గర ఒక జాగ్రత్త, ఇది చదవకుండా దాటేయకండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, సరిగ్గా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. ఆల్కలైన్ నీళ్లలో గింజ తొందరగా మెత్తబడుతుంది కదా, చేత్తో నొక్కి చూసి ఉడికిపోయింది అని దించేస్తే ఆ విషం పోయి ఉండకపోవచ్చు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, కుతకుతా మరుగుతూ అరగంట ఉడకాల్సిందే. స్లో కుక్కర్‌లో డైరెక్ట్‌గా పెట్టొద్దు, దాని వేడి సరిపోదు.

కందిపప్పు, పెసరపప్పు లాంటివి ఎలాగూ తొందరగా ఉడుకుతాయి, వాటికి ఈ గొడవంతా అక్కర్లేదు.

కూరగాయలు, అన్నం, మిగతావి

బీన్స్, బ్రోకలీ, పాలకూర ఆకుపచ్చగా ఉండాలంటే ఆల్కలైన్ నీళ్లు పనిచేస్తాయి. ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్ మధ్యలో మెగ్నీషియం ఉంటుంది, వండేటప్పుడు కూరగాయలోంచే వచ్చే ఆమ్లాలు దాన్ని బయటికి తోసేస్తే రంగు వాడిపోయి ఖాకీలా అవుతుంది. క్షారం ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. కానీ అదే క్షారం పెక్టిన్‌ని కూడా కరిగిస్తుంది, సి విటమిన్ కూడా పోగొడుతుంది, అందుకని ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చగా మెరిసే ముద్ద మిగులుతుంది. నీళ్లు బాగా మరిగాక వేయండి, మూత పెట్టకండి, మూత పెడితే ఆవిరితో బయటికి పోవాల్సిన ఆమ్లాలు మళ్లీ గిన్నెలోకే పడతాయి, ఒకటి రెండు నిమిషాల్లో తీసి ఐస్ నీళ్లలో వేసేయండి. ఇలా చేస్తే అసలు మామూలు నీళ్లతో కూడా రంగు బానే ఉంటుంది, అందుకే ఆకుకూరల కోసం సోడా వేయమని నేను చెప్పను, మెషిన్ నీళ్లు ఉంటే వాడుకోండి అంతే.

తెల్లగా ఉండాల్సిన వాటికి మాత్రం వద్దు. కాలీఫ్లవర్, ఉల్లిపాయ, బియ్యం వీటిలో ఉండే రంగులేని పదార్థాలు క్షారం తగిలితే పసుపు రంగుకి తిరుగుతాయి. అన్నం పసుపు ఛాయలో వచ్చి, పైన మెత్తగా జిగురుగా అవుతుంది, పాత బియ్యం పొడిపొడిగా రావాలనుకునేవాళ్లకి అస్సలు నచ్చదు. పసుపు వేసే కూరల్లో సోడా ఎక్కువైతే రంగు ఎర్రబడుతుంది, చూసి కంగారు పడకండి, కొంచెం నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు అయిపోతుంది.

బంగాళదుంపలు ఓవెన్‌లో కరకరలాడేలా కావాలంటే ఇది మంచి చిట్కా. రెండు లీటర్ల నీళ్లకి అర టీస్పూను సోడా, కొంచెం ఉప్పు వేసి ముక్కల్ని ఉడికించండి, పైపొర కరిగి గరుకుగా అవుతుంది, నీళ్లు వంచేసి గిన్నెలోనే ఒకసారి గట్టిగా ఎగరేస్తే ముక్కల చుట్టూ గుజ్జులా పట్టుకుంటుంది, నూనె కలిపి కాలిస్తే ఆ గుజ్జే కరకరలాడే పొర అవుతుంది. క్షారం ఉన్నప్పుడు ఎర్రగా వేగడం కూడా తొందరగా అవుతుంది. దీనికి మెషిన్ నీళ్లు చాలవు, వాటికి అంత బలం ఉండదు, సోడానే కావాలి.

వీటిల్లో మాత్రం వద్దు

బ్రెడ్ పిండి కలపడానికి వద్దు, ఈస్ట్‌కి కొంచెం పుల్లగా ఉంటేనే ఇష్టం, క్షారం నీళ్లతో పొంగడం నెమ్మదిస్తుంది.

వెనిగర్ పోసి సీసాల్లో నిల్వ చేసే పికిల్స్‌కి అస్సలు వద్దు. అవి పాడవకుండా ఉండేదే పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉండటం వల్ల, దానికి పైన ఉంటే గాలి చొరబడని సీసాలో బాట్యులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు, అది ప్రాణం మీదికి తెచ్చే విషం. బైకార్బొనేట్ ఉన్న నీళ్లు వెనిగర్ బలాన్ని తగ్గిస్తాయి, ఎంత తగ్గించాయో కంటికి కనపడదు.

పాలపొడితో పసిపిల్లలకి పాలు కలపడానికి వద్దు, డబ్బా మీద చెప్పిన ప్రకారం మామూలు తాగే నీళ్లు కాచి వాడండి. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ కలిపేటప్పుడు కూడా మామూలు శుభ్రమైన నీళ్లే, అందులో ఏ లవణం ఎంత ఉండాలో లెక్కకట్టి పెట్టారు, ఇంకేం కలపొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి ఉప్పు తగ్గించమని చెప్పినవాళ్లు రోజూ తాగే ముందు డాక్టర్‌ని అడగండి. మందులు కూడా మామూలు నీళ్లతోనే వేసుకోండి, కొన్ని మందులు ఒంటికి పట్టాలంటే పొట్టలో పులుపు ఉండాలి, ఇంకొన్ని కాల్షియం మెగ్నీషియంతో కలిస్తే పట్టవు.

గిన్నెలు, నిల్వ

అల్యూమినియం గిన్నెలో ఈ నీళ్లు మరిగించొద్దు. అల్యూమినియాన్ని కాపాడే పైపొర 4 నుంచి 8.5 పీహెచ్ మధ్యలోనే నిలబడుతుంది, దాటితే గిన్నె లోపల నల్లబడుతుంది, కొంచెం కొంచెం కరుగుతుంది కూడా. స్టీలు, గాజు, పింగాణీ అయితే బెంగ లేదు.

ఐయొనైజర్ నీళ్లు పట్టాక మూత గట్టిగా ఉన్న గాజు లేదా స్టీలు బాటిల్‌లో అంచు దాకా నింపి పెట్టండి, గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని పీహెచ్ దిగుతూ వస్తుంది, కుండలోనో తెరిచిన జగ్గులోనో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి మీరు పట్టుకున్న అంకె ఉండదు, మెషిన్‌లో కరెంటు వల్ల పుట్టి నీళ్లలో కరిగిన హైడ్రోజన్ వాయువు అయితే ఇంకా ముందే పోతుంది. ఏ రోజువి ఆ రోజే వాడేసుకోండి. బైకార్బొనేట్ ఉన్న నీళ్లు దీనికి రివర్స్, మరిగిస్తే వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ ఇంకా పెరుగుతుంది, అందుకే సోడా వేసిన నీళ్లు ఎక్కువసేపు మరిగే వంటల్లో చెప్పిన దానికంటే తక్కువే వేయండి.

కాల్షియం ఉన్న నీళ్లు రోజూ కాస్తే కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది. దానికి సగం నీళ్లు సగం వెనిగర్ పోసి ఒకసారి మరిగించి అరగంట వదిలేయండి, లేదా లీటరు నీళ్లలో ఒక పెద్ద స్పూను సిట్రిక్ యాసిడ్ వేసినా సరిపోతుంది, బుడగలు వస్తూ ఊడిపోతుంది. పారబోశాక రెండుసార్లు ఉత్త నీళ్లు కాచి పోసేసి అప్పుడు వాడుకోండి. ఐయొనైజర్ ప్లేట్లకి కూడా ఇదే పొర పడుతుంది, మెషిన్‌లో క్లీనింగ్ మోడ్ ఉంటే దాన్ని ఆపేయకండి, పొర మందమైతే కరెంటు సరిగా సాగక పీహెచ్ పడిపోతుంది.